చేపల తొట్టెకు హీటరు – కొనేముందు, కొన్న తర్వాత
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కనీ తీర్పు చెప్పింది. ఆ విషయం మాట్లాడటానికి నాకంటె అర్హులైన వక్తలు ఈ సభలో ఉన్నారు. కరువుభత్యం బకాయిల సంగతి, ఆరోగ్య కార్డుల సంగతి కార్యదర్శిగారు చెబుతారు. నన్ను మాత్రం ఇంటికి పనికివచ్చే మాట ఏదైనా ఒకటి చెప్పమన్నారు. కనుక చేపల తొట్టెలో పెట్టే హీటరును గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ఇదేమి విషయమని కొందరు నవ్వుకోవచ్చు. అయితే ఒక్కసారి ఆలోచించండి. మన పెదకూరపాడులో ఈనాడు ఎన్ని ఇళ్ళలో ముందు గదిలో గాజుతొట్టె ఉన్నది? పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల ఆవలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. సెలవులకు వచ్చిన మనవడు సరదాపడితే తొట్టె కొంటారు. సెలవులు అయిపోగానే మనవడు వెళ్ళిపోతాడు, తొట్టె మనకు మిగులుతుంది. మేత వేసేది మనం, నీళ్ళు మార్చేది మనం, తొట్టెలో చేయి పెట్టేది మనం. చలికాలం రాగానే ఫోనులో “తాతయ్యా, చేపలకు చలేస్తుంది, హీటరు కొను” అని ఆజ్ఞ వస్తుంది. మనం గుంటూరో, సత్తెనపల్లో రైలెక్కి వెళ్ళి దుకాణంవాడు ఇచ్చినది తెచ్చి పెడతాం. నీళ్ళలో కరెంటు పెడుతున్నామన్న స్పృహ ఆ సమయంలో మనకు ఉండదు. నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ స్పృహను గురించే.

చలికాలంలో స్నానపు నీళ్ళు కాచే రాడ్డు తగిలి ప్రాణాలు పోయిన వార్తలు మనం పత్రికలలో చూస్తూనే ఉన్నాం. బకెట్టులో రాడ్డు పావుగంట ఉంటుంది. తొట్టెలో హీటరు రాత్రింబవళ్ళు, నెలల తరబడి ఉంటుంది. రాడ్డు పెట్టినప్పుడు బకెట్టు దగ్గరకు పిల్లలను రానివ్వం. చేపల తొట్టె దగ్గరకు పిల్లలను మనమే ఎత్తుకుని తీసుకెళ్ళి చూపిస్తాం. తేడా మీరే గమనించండి.

మొదటి ప్రశ్న: అసలు హీటరు అవసరమా?

ఆఫీసులో ఏ వస్తువుకైనా ఇండెంటు పెట్టేముందు, ఆవశ్యకత ఏమిటో నోటు రాయాలి కదా! ఇక్కడా అంతే. చేప మనలాగ ఒంట్లో వేడి పుట్టించుకుని నిలుపుకునే జీవి కాదు. నీటి వేడి ఎంతో దాని ఒంటి వేడి ఇంచుమించు అంతే. నీళ్ళు చల్లబడితే దానికి అరుగుదల మందగిస్తుంది, మేత తినదు, రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటుంది. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లటి చుక్కలు వచ్చే రోగం చాలాసార్లు ఇలా నీళ్ళు హఠాత్తుగా చల్లబడిన తర్వాతే బయటపడుతుంది. కాబట్టి పిల్లవాడి మాటలో నిజం లేకపోలేదు.

కాని అన్ని చేపలూ ఒకటి కావు. గోల్డుఫిష్‌కు చల్లని నీళ్ళంటేనే ఇష్టం. 18 నుంచి 23 డిగ్రీల నీటిలో అది హాయిగా ఉంటుంది. (ఈ ప్రసంగంలో డిగ్రీలంటే సెంటీగ్రేడ్ డిగ్రీలు.) గోల్డుఫిష్‌కు హీటరు పెట్టడం మన ఊళ్ళో డబ్బు దండగ, చేపకు శిక్ష. గప్పీలు, మాలీలు 22 నుంచి 28 వరకు ఉన్నా సరిపెట్టుకుంటాయి. మలేరియా శాఖవారు దోమపిల్లలను తినడానికి బావుల్లో, గుంటల్లో వదిలే గంబూషియా, గప్పీ చేపలు మీకు తెలిసినవే. వాటికి ఎవరు పెట్టారు హీటరు? ఎన్ని చలికాలాలు గడిచినా అవి పిల్లలు పెడుతూనే ఉన్నాయి. ఇక ఏంజెల్ చేప, ఫైటరు చేప 24 నుంచి 28 డిగ్రీలు కోరేవి. వీటికి చలి రాత్రుల్లో హీటరు మేలు చేస్తుంది. డిస్కస్ అనే ఖరీదైన చేపకు 28 నుంచి 30 డిగ్రీలు కావాలి. అది హీటరు లేనిదే పెంచవలసిన చేప కాదు. గోల్డుఫిష్‌నూ ఏంజెల్‌నూ ఒకే తొట్టెలో వేసి హీటరు పెట్టమంటే, ఏదో ఒకదానికి అన్యాయం జరగక తప్పదు.

రెండో సంగతి మన వాతావరణం. మనది పల్నాడు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా అయింది కాని, ఎండ పాతదే. రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసే ఊళ్ళ పేర్లు చెప్పినప్పుడు రెంటచింతల పేరు మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. చలి బలంగా ఉండేది డిసెంబరు మధ్యనుంచి మహా అయితే శివరాత్రి వరకు. ఆ తర్వాత చలి శివశివా అంటూ పోతుంది. పైగా ఆరుబయట గాలి చల్లబడినంతగా, గోడల మధ్య ఉన్న తొట్టెలో నీళ్ళు చల్లబడవు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, హీటరు కొనేముందు థర్మామీటరు కొనండి. అక్వేరియం దుకాణాల్లో తక్కువ ఖరీదులోనే దొరుకుతుంది. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. దానిమీద గీతలు 35 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. పాదరసం ఉన్నది అసలే వద్దు, పగిలితే విషం. వారం రోజులు తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి నీటి వేడి చూసి కాగితం మీద రాసుకోండి. రిజిస్టర్లు రాయడం మనకు కొత్త కాదు. మీ తొట్టెలో గప్పీల వంటి మామూలు చేపలే ఉండి, తెల్లవారుజామున కూడ 22 డిగ్రీలకు తగ్గకపోతే, రాత్రికీ పగటికీ తేడా రెండు మూడు డిగ్రీలకు మించకపోతే, ఆ ఇండెంటును “అవసరం లేదు” అని తిప్పి పంపవచ్చు.

కొద్దిగా తగ్గుతున్నదంటే హీటరు కంటె ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. తొట్టెను కిటికీ పక్కనుంచి, వాకిలి ఎదురుగాలి నుంచి జరపండి. పైన మూత వేయండి. నీటి వేడిలో ఎక్కువ భాగం పైనుంచి ఆవిరితోనే పోతుంది. వెనుక, పక్కల ధర్మకోల్ అట్టలు ఆనించండి. రాత్రిపూట చుట్టూ పాత దుప్పటి కప్పండి, గాలి ఆడటానికి పైన కాస్త సందు వదలండి. ట్యాంకులో రాత్రంతా చల్లబడిన నీళ్ళు పొద్దున్నే తెచ్చి పొయ్యవద్దు. మధ్యాహ్నం, నాలుగో వంతు మాత్రమే మార్చండి. పూర్వం తొట్టె మూతలో 40 వాట్ల గుండ్రటి బల్బు ఉండేది. వెలుగుతోపాటు వేడి కూడ ఇచ్చేది. ఇప్పటి ఎల్.ఇ.డి. లైటు వెలుగే ఇస్తుంది, వేడి అంతగా ఇవ్వదు. “పూర్వం హీటరు లేకుండానే చేపలు బ్రతికాయి కదా” అనేవారు ఈ తేడా కూడ గుర్తుంచుకోవాలి.

రెండవ ప్రశ్న: ఎన్ని వాట్లది?

ఇవన్నీ చేసినా హీటరు కావలసి వచ్చిందనుకుందాం. దుకాణానికి వెళ్ళేముందు తొట్టె కొలత తీసుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టె అంటే రెండు ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. మొత్తం 57 లీటర్లు. పైన వదిలిన ఖాళీ, అడుగున గులకరాళ్ళు తీసివేస్తే నికరం 45 లీటర్ల నీళ్ళు. లీటరుకు ఒక వాటు చొప్పున అనేది చేపలు పెంచేవారి లెక్క. అంటే దీనికి 50 వాట్లది చాలు. మన వాతావరణంలో అది ఎక్కువే గాని తక్కువ కాదు.

దుకాణంవాడు మాత్రం “ఇంకో కొంచెం వేసుకుంటే 300 వాట్లది వస్తుంది, తొందరగా వేడెక్కుతుంది” అంటాడు. తూకంలో మొగ్గు వచ్చినట్లు మనకు సంతోషం కలుగుతుంది. ఇక్కడే జాగ్రత్తపడాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4,186 జౌళ్ళ శక్తి కావాలి. ఆ లెక్కన 45 లీటర్లను 50 వాట్ల హీటరు ఒక డిగ్రీ పెంచడానికి గంట పైన పడుతుంది. 300 వాట్లది పదిన్నర నిమిషాల్లోనే పెంచేస్తుంది. గంటకు ఇంచుమించు ఆరు డిగ్రీలు. అన్నీ సక్రమంగా ఉన్నంతకాలం థర్మోస్టాటు దాన్ని ఆపుతుంది. ఆపనినాడు ఏమవుతుంది? రాత్రి పదింటికి 26 డిగ్రీలున్న నీళ్ళు ఒంటిగంట లోపలే 38 దాటే ప్రమాదం ఉన్నది. మనం లేచేసరికి చేపలు ఉండవు. అదే 50 వాట్లదైతే నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి, ఒకపక్క గదిలోకి వేడి పోతూనే ఉంటుంది. పొద్దున్నే మనం చూసి ఆపే వ్యవధి దొరుకుతుంది. కాబట్టి హీటరు విషయంలో చిన్నదే క్షేమం. వంద లీటర్ల తొట్టెకు ఒక 100 వాట్ల హీటరు కంటె రెండు 50 వాట్లవి మేలు. ఒకటి ఆగిపోయినా రెండోది కొంత ఆదుకుంటుంది, ఒకటి ఆగకుండా పనిచేసినా అనర్థం సగమే.

మా బంధువుల ఇంట్లో ఇలాగే జరిగింది. చిన్న తొట్టెకు పెద్ద హీటరు తెచ్చారు, థర్మోస్టాటు అతుక్కుపోయింది. తెల్లవారేసరికి చేపలన్నీ తేలిపోయాయి. ఆ ఇంటి కోడలు అయ్యో అంటూ చేయిపెట్టి తీయబోయింది. “అమ్మాయ్, ముందు ప్లగ్గు తియ్యి! చేపలు ఎక్కడికీ పోవు” అని మామగారు కేక వేశారు. ఆ కేక మనందరి ఇళ్ళలోనూ వినబడుతూ ఉండాలి.

స్నానపు రాడ్డును ఐదు నిమిషాలు తొట్టెలో ఉంచితే సరిపోదా అనేవారు కూడ ఉన్నారు. 1500 వాట్ల రాడ్డు ఆ 45 లీటర్లను రెండు నిమిషాలకొక డిగ్రీ చొప్పున పెంచుతుంది. ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. చేపకూ ప్రమాదం, మనిషికీ ప్రమాదం. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

మూడవ ప్రశ్న: ఏ రకం?

బజారులో దొరికేవి ముఖ్యంగా నాలుగు రకాలు. ఒకటి, థర్మోస్టాటు లేనిది. చవక. దీన్ని ముట్టుకోవద్దు. రెండు, పైభాగం నీటికి వెలుపల ఉండేటట్లు తొట్టె అంచుకు తగిలించేది. పొరపాటున మొత్తం మునిగితే లోపలికి నీరు చేరుతుంది. ముసలివాళ్ళు, పిల్లలు ఉన్న ఇంటికి ఇది తగదు. మూడు, పూర్తిగా నీటిలో మునిగి ఉండే గాజుగొట్టం హీటరు. పైన మరతో వేడి సరిచేసుకోవచ్చు. మనలాంటివారికి ఇది చాలు. నాలుగు, లోహపు గొట్టం ఉండి, వేడిని అదుపుచేసే పెట్టె తొట్టెకు వెలుపల విడిగా ఉండేది. ఖరీదు ఎక్కువ, అయితే గాజు పగిలే భయం లేదు.

థర్మోస్టాటు పనిచేసే తీరు తెలుసుకోవడం మంచిది. సాధారణ రకాలలో, ఇస్త్రీపెట్టెలో ఉన్నట్లే, రెండు వేర్వేరు లోహపు రేకులు అతికించి ఉంటాయి. వేడికి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగుతాయి గనుక రేకు వంగి కరెంటు తెగుతుంది. చల్లారితే మళ్ళీ ఆనుతుంది. ఇలా రోజుకు ఎన్నోసార్లు జరుగుతుంది. ఆనినప్పుడల్లా చిన్న నిప్పురవ్వ లేస్తుంది. కొంతకాలానికి ఆ రెండు కొసలు కరిగి అతుక్కుపోతాయి. ఇక కరెంటు తెగదు. మంచి కంపెనీ సరుకుకైనా వయసుతోపాటు రాగల జబ్బు ఇది. 2011లో అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తాను అమ్మిన అక్వేరియం హీటర్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించవలసి వచ్చింది. అవి మితిమీరి వేడెక్కి పగిలే ప్రమాదం ఉన్నదని తేలింది. పేరున్న కంపెనీ అనే ఒక్క కారణంతో నిశ్చింతగా ఉండరాదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

ట్రెజరీ స్ట్రాంగురూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర రెండు తాళంచెవులు ఉండేవి. ఒకరిమీద నమ్మకం లేక కాదు, ఒకటి తప్పినా రెండోది కాపాడాలని. హీటరుకు కూడ రెండు తాళాలు ఉండాలి. థర్మోస్టాటు ఒకటి. విడిగా తొట్టె రెండో చివర పెట్టిన థర్మామీటరు రెండోది. హీటరు మర 26 మీద ఉన్నదని నీళ్ళు 26 ఉన్నాయని అనుకోవద్దు. మరమీద అంకెకూ నీటి వేడికీ రెండు మూడు డిగ్రీల తేడా ఉండటం సామాన్యం. థర్మామీటరు చెప్పిందే ఖరారు. ఓపిక ఉన్నవారు విడిగా డిజిటల్ టెంపరేచరు కంట్రోలరు తెచ్చి, హీటరు ప్లగ్గును దానికి కలిపితే ఇంకా మంచిది. హీటరు థర్మోస్టాటు అతుక్కుపోయినా కంట్రోలరు కరెంటు ఆపుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. వాట్లు, 230 వోల్టులు, నీరు ఎంతవరకు ఉండాలో తెలిపే గీత – ఇవి హీటరు ఒంటిమీదే చెరగకుండా ముద్రించి ఉండాలి. వైరు గొట్టంలోకి వెళ్ళేచోట రబ్బరు మూత బిగువుగా ఉండాలి. గాజు మందంగా, గీతలు లేకుండా ఉండాలి. వైరు పొడవుగా, అతుకులు లేకుండా ఉండాలి. అక్వేరియం పరికరాల భద్రతకు ఐ.ఇ.సి. 60335 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ప్రత్యేక భాగమే ఉన్నది. మన దేశంలో గృహోపకరణాల భద్రతకు ఐ.ఎస్. 302 ఉన్నది. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉంటే దానితోపాటు ఉండే లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో సరిచూసుకోవచ్చు. మనవడిని అడిగితే నిమిషంలో చూసిపెడతాడు. అయితే ముద్ర లేని సరుకే దుకాణాల్లో ఎక్కువగా కనబడుతుంది. సి.ఇ. అనే అక్షరాలు చూసి మోసపోవద్దు. అవి చాలావరకు తయారుచేసినవాడు తనంతట తాను వేసుకునేవే. బిల్లు లేకుండా కొనవద్దు. బిల్లు ఉంటేనే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద మన మాట నిలుస్తుంది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉన్నది.

నాలుగవ ప్రశ్న: మనిషి క్షేమం

ఇది అన్నిటికంటె ముఖ్యం. హీటరు మంచిదే కొన్నాం. కాని గాజు ఏనాడైనా పగలవచ్చు. పగిలితే కరెంటు నీళ్ళలోకి వస్తుంది. చిత్రమేమిటంటే, అప్పుడు చేపలు మామూలుగానే తిరుగుతూ ఉండవచ్చు. గాజుతొట్టె చెక్కబల్ల మీద ఉన్నది, కరెంటు భూమిలోకి పోవడానికి దారి లేదు. కాళ్ళు నేలమీద పెట్టి, చేయి నీళ్ళలో పెట్టిన మనిషే ఆ దారి అవుతాడు. కాబట్టి చేపలు బాగున్నాయి కదా అని చేయి పెట్టరాదు.

“మా ఇంట్లో ఎం.సి.బి. ఉన్నది, అదే పడిపోతుంది” అని చాలామంది ధైర్యం. అది అపోహ. ఎం.సి.బి., పూర్వపు ఫ్యూజు – ఇవి వైర్లు కాలిపోకుండా కాపాడేవి, మనిషిని కాపాడేవి కావు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. పడాలంటే 6 ఆంపియర్లకు మించి కరెంటు పోవాలి. మనిషి గుండె ఆగడానికి అందులో వందో వంతు కూడ చాలు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. జమకూ ఖర్చుకూ తేడా వస్తే లెక్క మూసేసే గుమాస్తా లాంటిది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు కూడ గడవకముందే కరెంటు ఆపుతుంది. ఐ.ఎస్. 12640 ముద్ర ఉన్న 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించమని ఎలక్ట్రీషియనును అడగండి. 100 మిల్లీ ఆంపియర్లది, 300ది కూడ అమ్ముతారు. అవి మనిషి రక్షణకు చాలవు. నెలకొకసారి, పెన్షను పడిన రోజున, దానిమీద టెస్టు అని ఉన్న బొత్తం నొక్కండి. పడాలి. పడకపోతే మార్పించండి.

ఎర్తింగు సంగతి కూడ అప్పుడే చూపించండి. పాత ఇళ్ళలో సాకెట్టుకు మూడు రంధ్రాలుంటాయి కాని పైరంధ్రానికి వైరే ఉండదు. అలంకారానికి ఉన్న మూడో రంధ్రం ప్రాణం కాపాడదు. గాజు హీటర్లు చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే వస్తుంది, ఎర్తు వైరు ఉండదు. అందువల్లనే వీటికి ఆర్.సి.సి.బి. మరింత అవసరం. లోహపు గొట్టం హీటరైతే ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి.

ఒక మాట మరవవద్దు. ఆర్.సి.సి.బి. ఉన్నా, కరెంటు ఒంటిలోకి ప్రవేశించిన తర్వాతే అది పడుతుంది. షాకు తగలనే తగులుతుంది, ప్రాణం దక్కుతుంది అంతే. వయసు మీరినవాళ్ళం, ఆ అదురుకు పడిపోయినా ప్రమాదమే. కనుక నియమం ఒక్కటే. తొట్టెలో చేయి పెట్టేముందు హీటరు, పంపు, లైటు – అన్నిటి ప్లగ్గులూ తీయాలి. స్విచ్చి ఆపితే చాలదు. కొన్ని ఇళ్ళలో స్విచ్చి న్యూట్రలు మీద పెట్టి ఉంటారు, ఆపినా ఫేజు అలాగే ఉంటుంది. ప్లగ్గు తీసి, అది కళ్ళ ఎదుట బయట ఉండగా అప్పుడు చేయి పెట్టండి.

ప్లగ్గు తొట్టెకంటె ఎత్తున, పక్కగా ఉండాలి. వైరు తిన్నగా ప్లగ్గులోకి పోకుండా, ముందు కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేటట్లు చూడండి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర కారిపోతుంది, సాకెట్టులోకి చేరదు. చుట్టూ అతుకుల వైర్లు, నేలమీద పడి ఉండే ఎక్స్‌టెన్షను బాక్సులు వద్దు.

పెట్టడం, తీయడం, శుభ్రం చేయడం

హీటరును నీళ్ళు కదిలే చోట, పంపు దగ్గర పెట్టండి. గులకరాళ్ళలో పూడ్చవద్దు. నీళ్ళలో పెట్టి పావుగంట, అరగంట ఆగి అప్పుడు స్విచ్చి వేయండి. తీసేటప్పుడు ప్లగ్గు పీకి అరగంట ఆగండి. వేడిగా ఉన్న గాజు గాలికి వస్తే, దానిమీద చల్లటి నీళ్ళు పడితే, చిట్లుతుంది. నీళ్ళు మార్చేటప్పుడు మట్టం తగ్గి హీటరు బయటపడటమే చాలావరకు అవి పగలడానికి కారణం.

మన పల్నాడు బోరునీటి సంగతి మీకు తెలుసు. పిడుగురాళ్ళ సున్నం పేరు మోసినది. ఆ సున్నం మన నీళ్ళలోనూ చాలాచోట్ల ఉన్నది. స్నానపు రాడ్డు మీద, కాగుల అడుగున తెల్లటి పొర ఎలా కడుతుందో హీటరు గొట్టం మీదా అలాగే కడుతుంది. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు, గాజు లోలోపల మితిమీరి కాగి పగులుతుంది. నెలకొకసారి బయటికి తీసి, నిమ్మరసంలో ముంచిన గుడ్డతో తుడిచి, మంచినీళ్ళతో బాగా కడిగి పెట్టండి. వైరు మూత తడపవద్దు. సబ్బు వాడవద్దు, అది చేపలకు విషం.

వోల్టేజి తగ్గినప్పుడు హీటరు బలం ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే 50 వాట్ల హీటరు 31 వాట్లే ఇస్తుంది. అందుకు బెంగపడి పెద్దది కొనవద్దు. కరెంటు పోయినా తొట్టె నీళ్ళు గంటలో చల్లబడిపోవు. దుప్పటి కప్పితే చాలు. మరిగిన నీళ్ళు తెచ్చి పొయ్యవద్దు. మూత బిగించిన సీసాలో వేన్నీళ్ళు పోసి తొట్టెలో తేలవేయవచ్చు. ఖర్చు విషయానికి వస్తే, 50 వాట్ల హీటరు రోజులో సగంసేపు పనిచేస్తే 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. బిల్లు పై శ్లాబులోకి పోతుందేమో ముందే చూసుకోండి.

శివరాత్రి వెళ్ళగానే హీటరు తీసి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి. వేసవిలో మన చేపల బాధ చలి కాదు, వేడి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టుకుంటే 30 డిగ్రీల నీరు ఏడున్నరే పట్టుకుంటుంది. ఏప్రిల్‌లో హీటరు ప్లగ్గు మరచిపోయి ఉంచడం కంటె చేపకు వేరే శత్రువు అక్కరలేదు. మరుసటి సంవత్సరం మళ్ళీ పెట్టేముందు గాజు, వైరు, మూత పరీక్షించండి. సందేహం వస్తే రిపేరు చేయించవద్దు. పారేసి కొత్తది కొనండి. చిట్లిన గాజును జిగురుతో అతికించి నీళ్ళలో పెట్టడమంత తెలివితక్కువ పొదుపు ఇంకొకటి లేదు.

మిత్రులారా, నేను చెప్పినదాని సారాంశం ఇది. ముందు కొలవండి, తర్వాత కొనండి. కొంటే చిన్నది కొనండి. థర్మామీటరు విడిగా పెట్టండి. హీటరుకు పెట్టే ఖర్చుకంటె ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.కి ఖర్చు పెట్టండి. ఆర్.సి.సి.బి.ని సరైన చోట పెట్టిస్తే అది ఒక్క చేపల తొట్టెకే కాదు. స్నానపు రాడ్డుకు, వాషింగు మిషనుకు, తడిచేతులతో మన ఇంట్లో ఆడవారు తాకే ప్రతి స్విచ్చికీ కాపలా కాస్తుంది. చేప పోతే మనవడు ఒకరోజు ఏడుస్తాడు, మరో చేప తెచ్చుకోవచ్చు. ఆ తొట్టెలో వేలు ముంచే మనవడిని మనం ఏ దుకాణంలోనూ తెచ్చుకోలేము.

ఇంటికి వెళ్ళగానే మెయిను బోర్డు తెరచి ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూడండి. వచ్చే నెల సమావేశానికి వచ్చినప్పుడు, ఎంతమంది ఇళ్ళలో ఉన్నదో చేతులెత్తి చెప్పండి. అది చాలు ఈ ప్రసంగానికి ప్రతిఫలం.